పతకం గెలిచిన గంటలో కంపెనీ పెట్టిన 'అభినందనల' పోస్టు: వాది తరఫున ఏం వాదించాలి?

ప్రశ్న (మూట్‌కోర్టు_మూడో_ఏడాది):
మూట్ (విద్యార్థుల నమూనా కోర్టు) సమస్య ఇది. ఒలింపిక్స్ బ్యాడ్మింటన్‌లో కాంస్యం గెలిచిన క్రీడాకారిణి ఫొటో, పేరు వాడి ఒక బ్యాంకు ఇన్‌స్టాగ్రామ్‌లో అభినందనల పోస్టు పెట్టింది. కింద తన లోగో, దాని పక్కన "ఆమె స్మాష్ లాగే మా వడ్డీకీ తిరుగులేదు" అనే వాక్యం. ఇద్దరికీ మధ్య ఒప్పందమేమీ లేదు. నాది వాది పక్షం. 2021 టోక్యో ఒలింపిక్స్ తర్వాత పి.వి. సింధు వ్యవహారాలు చూసే బేస్‌లైన్ వెంచర్స్ ఇలాంటి పోస్టులు పెట్టిన బ్రాండ్లపై చట్టపరమైన చర్యలకు దిగుతామన్నప్పటి వార్తలు చదివాను. వ్యక్తిత్వ హక్కులకు (తన పేరు, రూపం వాడకంపై మనిషికుండే హక్కులు) మనకు ప్రత్యేక చట్టం లేదు కదా, దావా దేని మీద నిలబెట్టాలి? ఫొటో కాపీరైట్, ప్రదర్శకుల హక్కు రెండూ కలిపి వేయొచ్చా?

జవాబు 1 (బ్రీఫ్_రాసేవాణ్ని):
ఆ రెండూ వద్దండి. ఫొటో మీద కాపీరైట్ తీసినవారిది, ఉద్యోగంలో భాగంగా తీస్తే కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం సాధారణంగా యజమానిది. ఫొటోలో ఉన్నంత మాత్రాన క్రీడాకారిణికి అది రాదు. లైసెన్సు లేకుండా వాడితే ఫొటో ఏజెన్సీ వేరే దావా వేసుకుంటుంది.

ప్రదర్శకుల హక్కు ఇంకా బలహీనం. అదే చట్టంలో ప్రదర్శకుడిని నిర్వచించే సెక్షన్ 2(క్యూక్యూ)లో 'అక్రోబాట్' (విన్యాసకారుడు) అన్న మాట చూసి చాలామంది ఆశపడతారు. కానీ ఆ హక్కు ప్రదర్శన రికార్డింగులకు సంబంధించింది, 2(ఎక్స్ఎక్స్ఏ)లో దృశ్య రికార్డింగ్ అంటే కదిలే బొమ్మలు. మీ కేసులో ఉన్నది కదలని ఫొటో. బెంచి ఇక్కడే పట్టుకుంటుంది.

మీ పునాది పాసింగ్ ఆఫ్ (తనకు వాదితో సంబంధముందని ప్రతివాది జనాన్ని భ్రమింపజేయడం), దానితోపాటు ప్రచార హక్కు (తన పేరు, రూపాన్ని వ్యాపారానికి ఎవరు వాడాలో నిర్ణయించే హక్కు). మొదట ఐసీసీ డెవలప్‌మెంట్ వర్సెస్ ఆర్వీ ఎంటర్‌ప్రైజెస్ (ఢిల్లీ హైకోర్టు, 2003) చదవండి. ప్రచార హక్కు మనిషికి ఉంటుంది గానీ టోర్నమెంటుకు ఉండదని అక్కడ తేల్చారు. నిర్వాహకులు ఓడిన ఆ తీర్పు మీ క్లయింటుకు పనికొస్తుంది, ఎందుకంటే మీ వాది మనిషి. తర్వాత టైటాన్ వర్సెస్ రామ్‌కుమార్ జ్యువెలర్స్ (2012). అందులో చూసేవి రెండే: వాదికి తన గుర్తింపుపై అమలు చేయదగ్గ హక్కు ఉందా, ప్రతివాది వాడినదాంట్లో ఆ వ్యక్తిని జనం గుర్తుపడతారా. మీ పోస్టులో పేరే ఉంది కాబట్టి రెండోదానికి వాదన అక్కర్లేదు.

జవాబు 2 (ప్రతివాది_బల్ల):
పై జవాబులో ఒక పెద్ద లోటుంది. డిజిటల్ కలెక్టిబుల్స్ వర్సెస్ గాలక్టస్ ఫన్‌వేర్ (ఢిల్లీ హైకోర్టు, ఏప్రిల్ 2023) ప్రస్తావన లేదు. క్రికెటర్ల పేర్లు, గణాంకాలతో ఆన్‌లైన్ ఆట నడిపే కంపెనీపై వేసిన కేసు అది. ప్రచార హక్కు సంపూర్ణం కాదని, జనబాహుళ్యంలో ఉన్న సమాచారం వాడుకోవడానికి రాజ్యాంగం 19(1)(ఎ) (భావప్రకటనా స్వేచ్ఛ) రక్షణ ఉందని కోర్టు అంది. మధ్యంతర ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) ఇవ్వలేదు. ప్రతివాది వకీలు మొదట తీసేది ఇదే.

దాన్ని తప్పించుకునే దారి మీ వాస్తవాల్లోనే ఉంది. "అభినందనలు" అని మాత్రమే ఉంటే నేనైతే బ్యాంకు పక్షానే నిలబడేవాణ్ని. 'మా వడ్డీకీ తిరుగులేదు' అనడంతో అభినందన కాస్తా అమ్మకం అయింది. ఆమె ఈ బ్యాంకును బలపరిచిందన్న భ్రమ అక్కడే పుడుతుంది. పావుగంట వాదనలో పది నిమిషాలు ఆ ఒక్క వాక్యానికే ఇవ్వండి. లోగో ఎంత పెద్దది, ఏ మూలన ఉంది, ఖాతా తెరిచే లింకు ఉందా లేదా అన్నవన్నీ ప్లెయింటు (దావా పత్రం)లోనే రావాలి.

ప్రకటనల ప్రమాణాల మండలి ఏఎస్‌సీఐ కోడ్‌నూ జతచేయండి. అనుమతి లేకుండా ఒక వ్యక్తిని ప్రస్తావించి ఉత్పత్తికి అనుచిత లాభం తెచ్చుకోకూడదని అందులో ఉంది. అది స్వయం నియంత్రణ కోడే, కోర్టును కట్టడి చేయదు. అయినా పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న ప్రమాణమేమిటో చూపిస్తుంది.

జవాబు 3 (కమర్షియల్_కోర్టు_డైరీ):
వాదన బాగున్నా దావా గుమ్మంలోనే ఆగిపోవచ్చు. కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12ఎ ప్రకారం, అత్యవసర తాత్కాలిక ఉత్తర్వు కోరకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. ఇది తప్పనిసరని సుప్రీంకోర్టు పాటిల్ ఆటోమేషన్ కేసులో (2022) చెప్పింది, వెళ్లకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 11 కింద ప్లెయింటు తిరస్కరిస్తారు. బ్యాంకు ఈపాటికే పోస్టు తీసేసిందా? తీసేస్తే అత్యవసరం చూపడం కష్టం. ఇంకా ఉంటే, వేరే ఖాతాల్లో తిరుగుతుంటే, తేదీలతో రాయండి.

మరో సంగతి. 'వాణిజ్య వివాదం' నిర్వచనంలో, సెక్షన్ 2(1)(సి)(xvii)లో, ట్రేడ్‌మార్క్, కాపీరైట్ వగైరా ఉన్నాయి గానీ వ్యక్తిత్వ హక్కు పేరెత్తలేదు. అందుకే ఉత్త ప్రచార హక్కు మీద కాకుండా, రిజిస్టర్ కాని మార్కుగా ఆమె పేరును చూపి పాసింగ్ ఆఫ్‌తో కలిపి వేయాలి. దావా విలువ కనీసం 3 లక్షలు ఉండాలి.

సాక్ష్యం విషయానికొస్తే, ఉత్త స్క్రీన్‌షాట్ చాలదు. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63(4) సర్టిఫికెట్ కావాలి. పార్ట్ ఎ పరికరం నడిపినవారు, పార్ట్ బి నిపుణుడు నింపాలి. రెంటిలోనూ ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు డిజిటల్ వేలిముద్ర లాంటిది) రాయాలి. సేవ్ చేసిన వెంటనే హ్యాష్ తీయండి, ఆ ఫైలును మళ్లీ క్రాప్ చేస్తే హ్యాష్ మారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. నష్టపరిహారం అంకె ఎలా వేయాలి? ఆటల సమయంలో ఆటగాళ్ల ప్రకటనలపై పరిమితులు పెట్టే ఒలింపిక్ రూల్ 40 కూడా వాడొచ్చా?

జవాబు 2 (ప్రతివాది_బల్ల):
ఆమె ఇతర బ్రాండ్లతో చేసుకున్న ఒప్పందాల్లో ఒక్కో పోస్టుకు ఎంత తీసుకుందో అదే ఆధారం. వాటిని సీల్డ్ కవర్‌లో ఇవ్వండి. ఒలింపిక్ చార్టర్ రూల్ 40 ఆటగాళ్లకు వర్తిస్తుంది, బ్యాంకును కట్టడి చేయదు. దాని కింద ఉల్లంఘన జరిగిందని రాయొద్దు. డబ్బు కట్టిన స్పాన్సర్లకే ఆటల రోజుల్లో పరిమితులుంటే, పైసా కట్టని బ్యాంకుకు ఏ అడ్డూ లేకపోవడం న్యాయం కాదని బ్యాలెన్స్ ఆఫ్ కన్వీనియన్స్ (ఉత్తర్వు ఇస్తే, ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ నష్టమో తూచడం) దగ్గర చెప్పండి. ఐదు వలయాల గుర్తు పోస్టులో ఉంటే మాత్రం అడగాల్సింది ఐఓసీ (అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ), మీ క్లయింటు కాదు.