అప్‌డేట్: జూన్ 15 తర్వాత మా అమ్మాయికి వచ్చిన జవాబులు

తొమ్మిదో తరగతి నుంచి మా అమ్మాయి అమెరికా కాలేజీ సాకర్ కోచ్‌లకు ఈమెయిళ్లు రాస్తున్నా క్యాంపు ప్రకటనలు తప్ప జవాబు రావడం లేదని, దాన్ని నిరాసక్తతగా భావించాలా అని గతంలో అడిగాను. మీలో పలువురు చెప్పినట్లే, అడ్డు వచ్చింది నిబంధనే. అమెరికా కాలేజీ క్రీడలను నిర్వహించే సంస్థ ఎన్‌సీఏఏలో అత్యున్నత స్థాయి అయిన డివిజన్ వన్ సాకర్‌లో పదో తరగతి పూర్తయిన ఏడాది జూన్ 15 వరకు కోచ్‌లు రిక్రూటింగ్ (జట్టులోకి తీసుకోవడం) గురించి విద్యార్థికి రాయకూడదు, ఫోన్‌లో మాట్లాడకూడదు. విద్యార్థి మాత్రం ఎప్పుడైనా రాయవచ్చు.

ఈ జూన్ 15 ఉదయమే ఒక కోచ్ సందేశం పంపారు. అమ్మాయి ఎప్పుడో పంపిన వీడియోలో ఎడమ అంచు నుంచి గోల్ ముందుకు ఇచ్చిన పాస్‌ను (క్రాస్) ఆయన ప్రత్యేకంగా ప్రస్తావించడంతో, ఆ ఈమెయిళ్లు వృథా పోలేదని తెలిసి ఎంతో సంతోషించాం.

కాలేజీ ఆహ్వానంపై క్యాంపస్ చూడటానికి వెళ్లడం ఆగస్టు 1 తర్వాతే. ఈలోగా నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది జట్టు పరిమాణం: కాలేజీలు క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించేందుకు వీలు కల్పిస్తూ 2025లో కోర్టు ఆమోదం పొందిన హౌస్ ఒప్పందాన్ని స్వీకరించిన కాలేజీల్లో స్కాలర్‌షిప్‌ల సంఖ్యపై పరిమితి తొలగినా, సాకర్ జట్టులో 28 మందికి మించి ఉండకూడదు కనుక, ఆమె ఆడే స్థానంలో ఇప్పటికే ఎందరున్నారో మొదటి ఫోన్‌లోనే అడగమన్నాను. చదువు విషయంలో, కాలేజీలో ఆడే అర్హతకు ఎన్‌సీఏఏ నిర్దేశించిన 16 కోర్ కోర్సులలో (హైస్కూల్ ప్రధాన సబ్జెక్టులు) పదింటిని పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తి చేయాలి కాబట్టి, వచ్చే ఏడాది సబ్జెక్టులను స్కూల్ కౌన్సెలర్‌తో కూర్చుని సరిచూశాం.