‘వీడియో మెమరీ చాల్లేదు’ అని గేమ్ పడిపోతే ముందు చూడాల్సింది గ్రాఫిక్స్ కార్డునా, ప్రాసెసర్‌నా?

గోదావరిగట్టు:
ఇంటెల్ ఐ9-13900కె ప్రాసెసర్, 24 జీబీ గ్రాఫిక్స్ కార్డు. అన్‌రియల్ ఇంజిన్ గేమ్ షేడర్లు (బొమ్మను గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అవుతుండగానే ‘అవుట్ ఆఫ్ వీడియో మెమరీ’ అని మూసుకుపోతుంది. చూస్తే కార్డు మెమరీ సగం కూడా నిండదు. ఇలాంటి మెషిన్ మీ ముందుకొస్తే దేనితో మొదలుపెడతారు?

ఓరుగల్లు_రిగ్:
కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవరుతో. నెట్ తీసెయ్యాలి, లేకపోతే విండోస్ తనంతట తానే ఏదో ఒక డ్రైవరు ఎక్కించేస్తుంది. సేఫ్ మోడ్‌లో డీడీయూతో (డ్రైవర్లను తుడిచే టూల్) పాతది పూర్తిగా తుడిచి, కొత్తది వేసి, షేడర్ క్యాష్ ఖాళీ చేయాలి. సందేశంలోనే వీడియో మెమరీ అని ఉంటే ప్రాసెసర్ ఊసెందుకు?

సన్నజాజి:
ఆ సందేశమే తప్పుదారి పట్టిస్తుందండీ. షేడర్లు కంపైల్ చేసేదీ, ఊడిల్ అనే సాఫ్ట్‌వేర్‌తో కుదించిన గేమ్ డేటాను విప్పేదీ ప్రాసెసరే. అప్పుడు అన్ని కోర్ల మీదా ఒకేసారి భారం పడుతుంది. ఒక్క బిట్ తప్పినా విప్పిన డేటా పాడవుతుంది. అది చివరికి మెమరీ లేదన్న సందేశంగా బయటికొస్తుంది. ఎక్స్‌టీయూలో (ఇంటెల్ ట్యూనింగ్ టూల్) పర్ఫార్మెన్స్ కోర్ల రేషియో, అంటే వేగం, 55 నుంచి 53కి (5.5 నుంచి 5.3 గిగాహెర్ట్జ్‌కి) దించి చూడండి. గేమ్ నిలబడితే కార్డుది తప్పు కాదు.

పిడుగు:
ముందు ర్యామ్‌ను మామూలు కంటే వేగంగా నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆపి చూడాలి. ఆ చిప్‌కు ఇంటెల్ చెప్పిన గరిష్ఠ ర్యామ్ వేగం 5600. 6000 ర్యామ్ కిట్ అంటే ఓవర్‌క్లాకే (హద్దు దాటి నడపడమే).

ఓరుగల్లు_రిగ్:
కార్డు 2 సెకన్లలో జవాబివ్వకపోతే విండోస్ డ్రైవరును రీసెట్ చేస్తుంది, దాన్నే టీడీఆర్ అంటారు. రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే 10 సెకన్లు చేస్తే చాలా గేములు నిలబడతాయి. అది చూడకుండా ప్రాసెసర్ విప్పమనడం ఏం పద్ధతి?

సన్నజాజి:
విప్పమని ఎవరన్నారు? టీడీఆర్ అయితే విండోస్ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో ‘డిస్‌ప్లే 4101’ పడుతుంది. అది లేకుండా అప్లికేషన్ ఎర్రర్ 1000 మాత్రమే ఉంటే టీడీఆర్ డిలే మార్చి లాభం లేదు. ఇంకో గుర్తు: డ్రైవర్ ఇన్‌స్టాలరే విప్పుకునే దశలో ఆగిపోతుంది. పెద్ద 7-జిప్ ఫైలును పదిసార్లు టెస్ట్ చేయండి. ఒకసారి సరిగ్గా వచ్చి, ఇంకోసారి సీఆర్‌సీ (ఫైలు సరిపోల్చే లెక్క) తప్పు చూపిస్తే, ర్యామ్ కూడా మెమ్‌టెస్ట్86లో నాలుగు పాస్‌లు దాటితే, మిగిలింది ప్రాసెసరే.

ఓరుగల్లు_రిగ్:
ఈ ఇంటెల్ చిప్‌లు ఎక్కువ వోల్టేజికి అరిగిపోతున్నాయని బయాస్ (మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వచ్చేసింది కదా. వేసుకుంటే సరిపోయేదానికి ఇంత రాద్ధాంతమా?

సన్నజాజి:
సరిపోదు! 2024 ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 మైక్రోకోడ్ (బయాస్‌తో వచ్చే ప్రాసెసర్ లోపలి కోడ్), ప్రాసెసర్ 1.55 వోల్టులు దాటి అడగకుండా ఆపింది. సెప్టెంబరులో వచ్చిన 0ఎక్స్12బి, పని లేనప్పుడు కూడా ఎక్కువ వోల్టేజి అడగడాన్ని సరిచేసింది. రెండూ ముందు జాగ్రత్తలే. ఎక్కువ వోల్టేజికి, వేడికి కోర్లలో క్లాక్ సంకేతాన్ని పంచే సర్క్యూట్ అరిగిపోయాక ఏ అప్‌డేటూ దాన్ని వెనక్కి తేలేదు. కొత్త చిప్ వేశాక మాత్రం ఆ బయాస్ తప్పనిసరి. 253 వాట్లు, 307 ఆంపియర్ల ఇంటెల్ డిఫాల్ట్ ప్రొఫైలూ పెట్టాలి.

ఓరుగల్లు_రిగ్:
మీరు తేలిగ్గా చెప్పేస్తారు. చిప్ వారంటీకి పంపితే అన్ని రోజులూ కస్టమరు మెషిన్ ఖాళీగా పడి ఉంటుంది. తిట్లు పడేది అసెంబుల్ చేసిన మాలాంటి చిన్న షాపులకి. 53కి దించితే గేమ్ ఆడుతుంది, 200 మెగాహెర్ట్జ్ తేడా కంటికి కనపడదు. అందుకే మేం దించి ఇచ్చేస్తున్నాం.

సన్నజాజి:
అసలు మాట ఇప్పుడు చెప్పారు. 53 రోగం కనుక్కోడానికే గాని వైద్యం కాదు. తప్పులు చేసే చిప్ గేమునే కాదు, సేవ్ ఫైలునూ, జిప్ చేసిన ఫోటోలనూ చెప్పాపెట్టకుండా పాడుచేస్తుంది. డబ్బాతో అమ్మిన ఈ చిప్‌లకు ఇంటెల్ వారంటీని రెండేళ్లు పెంచి ఐదేళ్లు చేసింది. 2023లో కొన్నవాళ్లకు 2028 దాకా హక్కుంది. ఆ సంగతి చెప్పకుండా దించి ఇవ్వడం కస్టమరుకు నష్టం.

పిడుగు:
డబ్బా ఇస్తే కదా! నాకు అమ్మినవాళ్లు బిల్లులో ‘ప్రాసెసర్’ అని ఒక్క మాట రాసి పంపారు. క్లెయిమ్‌కు వెళ్తే సీరియల్ ఏదన్నారు.

సన్నజాజి:
కూలర్ తీసి, పేస్టు తుడిచి ఫోటో తీయండి. బ్యాచ్ నంబరు లోహపు మూత మీదే ఉంటుంది. ట్రే చిప్ (డబ్బా లేకుండా విడిగా అమ్మింది) అయితే మాత్రం అమ్మినవాళ్ల ద్వారానే వెళ్లాలి.

ఓరుగల్లు_రిగ్:
సీరియల్ బిల్లులో రాయకపోవడం తప్పే, ఒప్పుకుంటాను. వారంటీ సంగతీ చెబుతాం. కానీ చిప్ తిరిగొచ్చేదాకా 53 మీద వాడుకోనివ్వాలి, మెషిన్ లాక్కోకూడదు.

గోదావరిగట్టు:
అలా వాడేటప్పుడు ముఖ్యమైన ఫైళ్లు వేరే మెషిన్‌లో కాపీ చేసుకోమని కూడా చెప్పండి.