సాసలిటోని ‘కళాకారుల ఊరు’ అనడం ఎంతవరకు న్యాయం?

పాతపటం:
శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటగానే వచ్చే సాసలిటో గురించి ఎవరు రాసినా అదే వరస. చిత్రకారులు, హౌస్‌బోట్లు, కొండ మీద మేడలు. జనాభా ఏడు వేలు, ఎక్కువమంది ఉన్నవాళ్లే, సరే. కానీ 1942లో ఈ ఒడ్డునే బెక్టెల్ కంపెనీ మారిన్‌షిప్ అని ఓడల యార్డు పెట్టింది. పైన్ హిల్ గుట్ట మీద ఇళ్లు ఖాళీ చేయించి, గుట్టనే తవ్వి, ఆ మట్టితో బురద నేల పూడ్చారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేలోపు 93 ఓడలు దించారు, అందులో 15 లిబర్టీ షిప్పులు (యుద్ధకాలపు సరుకు ఓడలు), మిగతావన్నీ చమురు ట్యాంకర్లు. పని జోరుగా ఉన్న రోజుల్లో దాదాపు 20 వేల మంది కార్మికులు! ఊరి చరిత్ర చెప్పేటప్పుడు ఇది ముందు రావాలా, చివర్లో ఒక్క లైనుగా రావాలా?

తీరంగాలి:
చివర్లో వస్తే తప్పేంటండి? నాలుగేళ్ల ముచ్చట అది. 1838లో రిచర్డ్‌సన్ అనే ఇంగ్లిష్ నావికుడికి మెక్సికో ప్రభుత్వం ఈ భూమి ఇచ్చింది, తిమింగలాల వేట ఓడలు ఇక్కడి ఊటనీళ్ల కోసం ఆగేవి, 1875కి రైలొచ్చింది, అక్కడి నుంచి ఫెర్రీలో శాన్‌ఫ్రాన్సిస్కో. కొండ మీద డబ్బున్నోళ్ల విల్లాలు, కింద పోర్చుగీసు జాలరులు, ఇదంతా యార్డుకి చాలా ముందే. 1937లో వంతెన రాగానే ఫెర్రీలకి గిరాకీ పడిపోయింది, 1941లో ఆగిపోయాయి. యుద్ధం అయ్యాక ఊరికి మళ్లీ పేరు తెచ్చింది కళాకారులే. చిత్రకారుడు జాన్ వార్డా పాత ఫెర్రీ ‘వయెహో’ని ఇల్లు చేసుకున్నాడు, తర్వాత జెన్ గురించి రాసిన రచయిత అలన్ వాట్స్ కూడా అందులోనే ఉన్నాడు.

పాతపటం:
ఆ హౌస్‌బోట్ల వాళ్ల అడ్రస్ ఎప్పుడైనా చూశారా? గేట్ 5 రోడ్, గేట్ 6 రోడ్. ఏ గేట్లు అవి? యార్డు గేట్లే కదా! యుద్ధం అయ్యాక వదిలేసిన బార్జీలు, లైఫ్‌బోట్లు, చెక్క ఏరుకుని వాటి మీదే ఇళ్లు కట్టుకున్నారు. యార్డు లేకపోతే మీ కళాకారులకి ముడిసరుకే లేదు.

ఉప్పునీరు:
మీ ఇద్దరూ అసలు మనుషుల్ని వదిలేశారు. ఆ కార్మికుల కోసం 1942లోనే పక్కన మారిన్ సిటీ కట్టారు, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసే ఉన్నారు. యార్డులో మాత్రం బాయిలర్‌మేకర్స్ అనే కార్మిక యూనియన్ నల్లవాళ్లని సభ్యులుగా చేర్చుకోకుండా వేరే అనుబంధ శాఖలో పడేసింది, చందా మాత్రం కట్టాలి. కట్టబోమని చెప్పినందుకు ఉద్యోగాలు పోయాయి. వాళ్లలో ఒకడైన జోసెఫ్ జేమ్స్ అనే నల్లజాతి కార్మికుడు కోర్టుకెళ్లాడు, 1944 డిసెంబరులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టులో గెలిచాడు కూడా. ఏం లాభం, యుద్ధం అయిపోయింది, యార్డు మూతపడింది. తెల్లవాళ్లు వేరే ఊళ్లలో ఇళ్లు కొనుక్కుని వెళ్లిపోయారు. నల్లవాళ్లకి అమ్మకూడదని దస్తావేజుల్లోనే షరతులు ఉండేవి, బ్యాంకులు అప్పివ్వవు, ఇక ఎక్కడికి పోతారు? 2019లో కూడా సాసలిటో మారిన్ సిటీ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో జాతి వేర్పాటు ఉందని రాష్ట్ర అటార్నీ జనరల్ తేల్చారు.

తీరంగాలి:
బాధగానే ఉంది, కాదనను. కానీ మారిన్ సిటీ సాసలిటో పురపాలక పరిధిలో లేదు. పక్క ఊరి కష్టాన్ని ఈ ఊరి చరిత్రలో కలిపేస్తే ఎలా?

ఉప్పునీరు:
వాల్డో పాయింట్ దగ్గరి హౌస్‌బోట్లు కూడా ఊరి పరిధిలో లేవండి, మారిన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) కిందకి వస్తాయి. 1970ల్లో పడవల వాళ్లు గొడవపడింది కూడా కౌంటీ అధికారులతోనే. వాటిని మాత్రం పోస్ట్‌కార్డు మీద వేసుకుంటారు!

నీలిగూడు:
😂 తీరంగాలి గారూ, దీనికి ఏమంటారు?

తీరంగాలి:
సరే, ఆ దెబ్బ తగిలింది. పరిధి మాట వెనక్కి తీసుకుంటున్నా. కళాకారుల విషయంలో మాత్రం తగ్గను. యార్డు వదిలిన షెడ్లలో స్టూడియోలు, పడవల రిపేరు వర్క్‌షాపులు పెట్టుకుని నడుపుతున్నది వాళ్లే, లేకపోతే ఎప్పుడో కూల్చేసేవాళ్లు.

పాతపటం:
అది ఒప్పుకుంటా. అందుకే ఆ షెడ్లు పీకి అపార్ట్‌మెంట్లు కడదాం అనే మాట వచ్చినప్పుడల్లా నాకు టెన్షన్. ఇళ్లు కావాలి నిజమే, కానీ ఎవరికి? కట్టాక మారిన్ సిటీ నుంచి ఒక్క కుటుంబమైనా ఆ అద్దె కట్టి అక్కడ ఉండగలిగితే, అప్పుడు వచ్చి నాతో వాదించండి.