అప్‌డేట్: జెల్ మీద ఫోర్స్ కర్వ్ కుదిరింది

బఫర్ ద్రావణంలో ఉన్న మెత్తటి హైడ్రోజెల్ మీద ఏఎఫ్ఎం (సన్నటి మొనతో తాకి చూసే మైక్రోస్కోప్) ఫోర్స్ కర్వ్ (ఎంత నొక్కితే ఎంత బలం అని చూపే గ్రాఫ్) నాయిస్‌లో కలిసిపోతోందని, బేస్‌లైన్ (మొన జెల్‌ని తాకకముందు ఉండే గీత) పాకుతోందని అడిగాను కదా.

మొదటిది ప్రోబ్ సంగతే. మీటరుకు 40 న్యూటన్ల గట్టిదనం ఉన్న ట్యాపింగ్ ప్రోబ్ అసలు వంగదు, టిప్ జెల్‌లోకి దిగబడిపోతుంది. మీటరుకు 0.06 న్యూటన్ల మెత్తటి కాంటిలీవర్ (టిప్‌ని మోసే సన్నటి పట్టీ, అదే లీవర్), చివర 5 మైక్రాన్ల గోళం ఉన్నది పెట్టాక కర్వ్ తేటగా వచ్చింది. స్ప్రింగ్ కాన్‌స్టెంట్ (లీవర్ గట్టిదనం) గాలిలో థర్మల్ ట్యూన్‌తో (వేడికి లీవర్ తనంతట వణికే తీరు చూసి) తీసినా, సెన్సిటివిటీ (లీవర్ ఎంత వంగితే సిగ్నల్ ఎంత మారుతుందో ఆ లెక్క) మాత్రం అదే బఫర్‌లో, శుభ్రమైన గాజు మీద మళ్లీ తీయాల్సిందే. లీవర్ వంపుని కొలిచే లేజర్ దారి నీళ్లలో మారుతుంది. జెల్ మీదే తీస్తే లెక్కలన్నీ తప్పుతాయి.

బేస్‌లైన్ పాకడానికి కారణం లీవర్ మీది బంగారు పూత; వేడి మారితే పూత ఒకలా, లీవర్ ఇంకోలా వ్యాకోచిస్తాయి. చెన్నై ఎండకి ఏసీ ఆగి మళ్లీ మొదలైతే చాలు, లీవర్ వంగుతుంది. ఏసీ గాలి పక్కకి మళ్లించి, లేజర్ వేసి అరగంట ఆగాక నిలబడింది. నొక్కే వేగం పెంచితే మాడ్యులస్ (కొలతలో వచ్చే జెల్ గట్టిదనం) ఇంకా కాస్త పెరుగుతోంది, అది జెల్ గుణమే.