యాక్సెస్ పాయింట్ సీలింగ్‌కి పెట్టాలా, గోడకా?

కరీంనగర్‌లో మాది జీ ప్లస్ వన్ ఇల్లు. రౌటర్ కింద హాల్లో టీవీ పక్కన ఉంది, వెనక బెడ్‌రూంలోకి వెళ్తే సిగ్నల్ ఒక గీతకి పడిపోతుంది, పైన అదీ రాదు. అందుకని గుండ్రటి వైఫై 6 యాక్సెస్ పాయింట్లు (రౌటర్ నుంచి వైర్ లాగి, దూరపు గదుల్లో వైఫై ఇచ్చే పరికరాలు) రెండు కొన్నాను. పైన హాల్‌కి ఇప్పుడు జిప్సం సీలింగ్ పని నడుస్తోంది, దాని లోపల పెట్టేస్తే కనబడదు సార్, నీట్‌గా ఉంటుందని ఇంటీరియర్ అతను ఒకటే పట్టు. కింద మా నాన్నగారు స్లాబ్‌కి డ్రిల్ పెట్టనివ్వరు. గోడకి పెడితే నష్టమా?

జవాబు 1
లోపల మాత్రం పెట్టించకండి. జిప్సం బోర్డు సిగ్నల్‌ని పెద్దగా ఆపదు కానీ లోపలున్న ఇనుప చానళ్లు, ఏసీ పైపులు అడ్డం వస్తాయి. అంతకన్నా పెద్ద గొడవ వేడి. మీది పై అంతస్తు, మే నెలలో ఆ స్లాబ్‌కీ సీలింగ్‌కీ మధ్య ఖాళీ పొయ్యిలా కాలుతుంది, యాక్సెస్ పాయింట్ మామూలుగానే గోరువెచ్చగా ఉంటుంది. బోర్డు కిందే బిగించండి, కాకపోతే ఉత్త జిప్సంలో స్క్రూ నిలవదు కాబట్టి బోర్డు మూసేలోపే పైన చిన్న ప్లైవుడ్ ముక్క వేయమనండి. ఫ్యాన్ రెక్కలకి దూరంగా పెట్టాలి.

జవాబు 2
పెద్దాయనతో వాదన ఎందుకండి, గోడకే పెట్టుకోండి. ఈ గుండ్రటివి సీలింగ్‌కి పెట్టినప్పుడు నాలుగు వైపులా, కిందికి సమానంగా పరుస్తాయి. అదే గోడకి తిప్పితే ఎదురుగా బాగా వస్తుంది, కొంత పైకీ కిందికీ పోతుంది, వెనక వైపు తగ్గుతుంది. అందుకని బయటి తొమ్మిది అంగుళాల గోడ వద్దు, మధ్యలో నాలుగున్నర అంగుళాల గోడ చూసుకుని ఏడెనిమిది అడుగుల ఎత్తులో, ముఖం బెడ్‌రూంల వైపు ఉండేలా బిగించండి. ఎదురుగా ఇనుప బీరువా గానీ నిలువుటద్దం గానీ ఉందా, మొత్తం పని దండగ! 2.4 గిగాహెర్ట్జ్‌లో రెండిటి సిగ్నల్ ఒకదానికొకటి అడ్డు రాకుండా సెట్టింగ్స్‌లో కింద దానికి చానల్ 1, పైదానికి 6 లేదా 11 ఇవ్వండి.

జవాబు 3
అందరూ ఎక్కడ పెట్టాలో చెప్తున్నారు, వైర్ సంగతి ఎవరూ అడగలేదు. పీఓఈ పద్ధతి అయితే కరెంటు కూడా నెట్ వచ్చే ఆ క్యాట్ 6 వైర్‌లోనే వస్తుంది. పీఓఈలో మామూలు ఏఎఫ్ రకం పోర్టు 15.4 వాట్లు, ఏటీ రకం అయితే 30 ఇస్తుంది, మీ మోడల్‌కి ఏది కావాలో చూసి నెట్‌వర్క్ స్విచ్ (ఈ వైర్లన్నీ గుచ్చే డబ్బా) కొనండి. చవగ్గా వస్తుందని రాగి పూత అల్యూమినియం వైర్ తీసుకున్నారంటే వోల్టేజీ పడిపోయి పరికరం మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది. కొనేముందు తీగని బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే వాపసు ఇచ్చేయండి. 230 వోల్టుల వైర్లు పోయే పైపులో దీన్ని దూర్చొద్దు.

అడిగినవారు
థాంక్సండి. కింద 4.5 గోడకే ఫిక్స్, నాన్నగారు కూడా సరే అన్నారు. పాత డిష్ కేబుల్ పైపు ఒకటి అక్కడిదాకా ఉంది, అందులో లాగొచ్చా?

జవాబు 3
హాయిగా లాగండి. డిష్ వైర్ చివరకే క్యాట్ 6 కట్టి అటునుంచి లాగితే వచ్చేస్తుంది. వైర్ కొసకి వేసే ప్లాస్టిక్ క్లిప్పు ముందే కొట్టించకండి, మలుపుల్లో ఇరుక్కుంటుంది. లాగాక రెండు కొసల్లో ఒక మీటరు వదిలి అప్పుడు కొట్టించండి.