‘మొగ’ తెలుగేనా?

మా ఊరి గ్రంథాలయానికి గోడపటం ఒకటి గీస్తున్నాను. యానాం దాటాక గౌతమి సముద్రంలో కలిసే చోటు. ‘నదీముఖద్వారం’ అని రాస్తే, పడవ నడిపే పెద్దాయన చూసి నవ్వారు. “ద్వారం గుడికి ఉంటుంది బాబూ, ఏటికి ఉండేది మొగ” అన్నారు. ఈ మాట పుస్తకాల్లో రాయవచ్చా?

జవాబు: నిక్షేపంగా రాయండి. మొగము, మొగసాల వీటి చుట్టమే ఇది. కాకినాడలో ఏటిమొగ అని ఒక పేటే ఉంది కదా! “మొగ పూడిపోయింది, పడవలు కదలడం లేదు” అని చేపల వేటగాళ్లు మొత్తుకుంటారు. ద్వారమైతే మూసుకుంటుంది, పూడేది, ఇసుక మేటవేస్తే పక్కకు జరిగేది మొగే.

ఒక చిక్కు మాత్రం ఉంది. మొగ అంటే నోరు. లోపలికంటా ఉప్పునీరూ మంచినీరూ కలిసే మేరకు అది చాలదు. ఆ మేర ఒకచోట నిలిచేదీ కాదు. వేసవిలో ఏరు సన్నగిల్లితే ఉప్పు పైకి ఎక్కివస్తుంది. వరదల్లో ఎర్రనీరు దిగి దాన్ని వెనక్కి నెడుతుంది. ఆ ఎర్రనీటికే పులస ఎదురీదుతుంది. ఇంత కదిలేదానికి ఒక్క పేరు పెట్టాలన్న పట్టుదల నాకైతే లేదు.

మరొకరు: పోటు సంగతి కూడా పటంలో పెట్టండి. “భక్తులు పోటెత్తారు” అని రాసే పత్రికలవారికి ఆ పోటు సముద్రానిదని గుర్తుందో లేదో! ఎక్కేది పోటు, తీసేది ఆటు. అమావాస్యకూ పున్నమికీ పెద్దది, అష్టమి నవములకు చిన్నది. ఆటు వేళ కోరంగి మడ అడవికి వెళ్లి చూడండి: బురదలోంచి మేకులు దిగగొట్టినట్టు నిలబడిన వేళ్లు. మడచెట్టు వాటితోనే గాలి పీలుస్తుంది. పోటెక్కితే అవన్నీ మాయం. తుఫాను తెచ్చేది మాత్రం పోటు కాదు, ఉప్పెన. 1839లో కోరంగి రేవును ముంచింది అదే. ఈ రెండు మాటలనూ కలిపేయకండి.

అడిగినవారు: అందరికీ కృతజ్ఞతలు. పెద్ద అక్షరాల్లో ‘మొగ’ అని రాసి పెద్దాయనకు చూపించాను. మాట బాగుందన్నారు. మొగను మాత్రం రెండు వేళ్ల మేర ఉత్తరానికి జరిపి మళ్లీ గీయమన్నారు. నేను చూసి గీసిన పటం పాతదట.