జర్మన్ సాసేజ్‌లు చీలిపోతున్నాయి, ఫ్రైస్ నల్లబడుతున్నాయి: ఎక్కడ పొరపాటు?

భీమవరం ఆడపడుచు: అందరికీ నమస్కారమండి. మధ్యాహ్నం మూడు గంటల నుంచి వంటింట్లోనే ఉన్నాను, ఇక ఓపిక లేదు. నాలుగేళ్ళు జర్మనీలో ఉండి వచ్చిన మా అన్నయ్య అక్కడి సాసేజ్‌లూ (సన్నని తోలులో కూరిన మాంసం), బంగాళాదుంప ఫ్రైసూ ఇంట్లో తినాలని ఉందన్నాడని ప్యాకెట్ తెచ్చి, ముందు ఉడికించి తరువాత వేయించాను. ఎనిమిదింటిలో ఆరు నిలువునా చీలిపోయాయి, మిగిలినవి పిప్పిలా ఉన్నాయి. ఫ్రైస్ పైన నల్లబడి, లోపల మెత్తగా, తియ్యగా వచ్చాయి. దుంపలు మార్చాను, నూనె మార్చాను, ఫలితం మారలేదు. రేపు మధ్యాహ్నం మళ్ళీ చేయాలి, దయచేసి తప్పేమిటో చెప్పండి.

గోదారిగట్టు: ఏ సాసేజ్?

భీమవరం ఆడపడుచు: జర్మన్ సాసేజ్ అని పైనే రాశానండి.

తణుకు మాస్టారు: అమ్మా, జర్మన్ సాసేజ్ అనడం ఆంధ్రా పచ్చడి అనడం వంటిది, అంతమాత్రాన అది గోంగూరో దోసకాయో ఎవరికీ తెలియదు. ఫ్రాంక్‌ఫర్టర్‌ను పొగబెట్టి, ఉడికించి అమ్ముతారు గనుక వేడి చేసుకుంటే చాలు. మ్యూనిక్ వారి తెల్ల సాసేజ్‌ను అసలు వేయించరు, వేడినీళ్ళలో ఉంచి, పైతోలు తీసి తింటారు. మీరు చెప్పేది బహుశా బ్రాట్‌వుర్స్ట్ అయి ఉండాలి. ఇందులో బ్రాట్ అంటే వేయించడమని చాలామంది పొరబడతారు గాని, సన్నగా తరిగిన మాంసాన్ని సూచించే ప్రాచీన జర్మన్ మాట నుంచి ఆ పేరు వచ్చింది. కాబట్టి దీనిని వేపుడు సాసేజ్ అని అనువదించడం సరికాదు.

గోదారిగట్టు: మాస్టారూ, పేరు ఎక్కడి నుంచి వచ్చినా తోలు చీలడం ఆగదు. పచ్చిదో ఉడికినదో చెప్పమనండి.

కోనసీమ రైతు: సాసేజ్ సంగతి నాకు తెలియదు గాని దుంప విషయం చెబుతాను. ఫిబ్రవరి, మార్చిలో ఉత్తరాదిన తవ్విన బంగాళాదుంప నెలల తరబడి శీతల గిడ్డంగిలో మగ్గి, లారీ ఎక్కి మన దాకా వస్తుంది. కొబ్బరితోటల నీడన మన కంద పుష్కలంగా పండుతుండగా ఆ దుంపకోసం ఇంత తాపత్రయం ఎందుకు? కందను చింతపండు నీళ్ళలో ఒక ఉడుకు ఉడికించి దురద పోగొట్టి, ముక్కలుగా వేయించి చూడండి.

పాలకొల్లు వంటిల్లు: బాబాయిగారు కంద కోసం చెప్పినా అసలు కారణం వారి మాటలోనే ఉంది. బాగా చల్లని చోట నిలవ ఉన్న బంగాళాదుంపలో పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది, నూనెలో పడగానే ఆ చక్కెర మాడి ముక్క లోపల ఉడికేలోగా పైన నల్లబడుతుంది. చెల్లీ, మీ దుంపలు ఎక్కడ ఉంచారు?

భీమవరం ఆడపడుచు: ఫ్రిజ్‌లోనండి. పది రోజుల క్రితం తెచ్చిన సంచిలోంచే రెండుసార్లూ తీశాను, అందరూ అక్కడే పెడతారు కదా అని రాయలేదు. సాసేజ్ ప్యాకెట్ మీద పచ్చి పంది మాంసం అని ఉంది. ఫ్రీజర్‌లోంచి తీసి, తెర్లుతున్న నీళ్ళలో వేసి మూతపెట్టాను.

గోదారిగట్టు: ఇది మొదటే రాసి ఉంటే సరిపోయేది. రాత్రికి సాసేజ్‌లను ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. నీళ్ళు తెర్లకూడదు. మూత వద్దు.

పాలకొల్లు వంటిల్లు: కొంచెం వివరంగా చెబుతాను. గడ్డకట్టిన సాసేజ్ తెర్లే నీటిలో పడితే లోపల ఇంకా మంచు ఉండగానే పైభాగం ఉడికి, తోలు బిగుసుకొని, లోపల పుట్టిన ఆవిరికి చీలుతుంది, ఆ చీలికలోంచి కొవ్వు కారిపోవడం వల్లనే మిగిలింది పిప్పి అవుతుంది. పూర్తిగా కరిగిన తరువాత 75 నుంచి 80 డిగ్రీల నీటిలో, అంటే గిన్నె అడుగున సన్నని బుడగలు కనిపిస్తూ పైన నీరు కదలీకదలనట్టుండే స్థితిలో, సుమారు పావుగంట ఉంచండి. లోపల 71 డిగ్రీలు దాటితే మాంసం ఉడికినట్టే. తరువాత తడి తుడిచి, పెనం మీద కొద్ది నూనెతో సన్న సెగన రంగు వచ్చేవరకు దొర్లించండి.

తణుకు మాస్టారు: ముల్లుతో నాలుగు పోట్లు పొడిస్తే పగలదని మా ఇంట్లో అంటారు.

గోదారిగట్టు: పొడిస్తే రసం కారిపోతుంది. వద్దు.

తణుకు మాస్టారు: దానిని రసం అనరాదు, అది కరిగిన కొవ్వు.

పాలకొల్లు వంటిల్లు: ఏదైనా లోపలే ఉండనివ్వండి మాస్టారూ. ఇక ఫ్రైస్‌కు రేపు బజారు నుంచి కొత్త దుంపలు తెచ్చి, ముందు ఒక్క ముక్క వేయించి చూసి, అది త్వరగా నల్లబడితే ఆ దుంపలను కూరకు ఉంచుకోండి. మంచివైతే వేలెడు లావున కోసి, చల్లనీళ్ళలో అరగంట నానబెట్టి, గుడ్డమీద పూర్తిగా ఆరబెట్టండి. నూనె 150 డిగ్రీల దగ్గర ఉండగా ఐదారు నిమిషాలు రంగు రాకుండా మగ్గించి తీసి, చల్లారనిచ్చి, తినబోయే ముందు 180 డిగ్రీల పైన రెండు మూడు నిమిషాలు వేయించండి. ఒకేసారి మూకుడు నింపితే నూనె చల్లబడి ముక్కలు నూనె పీలుస్తాయి. నంజుకోవడానికి పనసపొట్టు కూరలో పెట్టే ఆవ చాలు. నానిన ఆవాలను చన్నీళ్ళతో నూరి, పది నిమిషాలు ఆగి, వెనిగర్ కలపండి. వేడినీళ్ళు పోస్తే ఆ ఘాటు రాదు.

కోనసీమ రైతు: కందకు ఇన్ని జాగ్రత్తలు అక్కరలేదు.

భీమవరం ఆడపడుచు: ఈ రోజు ఒక్కటే పగిలింది. ఫ్రైస్‌కు రంగు బాగానే వచ్చింది గాని పది నిమిషాలకే మెత్తబడ్డాయి. ఆవ మరీ ఘాటుగా ఉందన్నాడు అన్నయ్య. అందరికీ ధన్యవాదాలండి.

పాలకొల్లు వంటిల్లు: రెండోసారి వేయించేటప్పుడు ఎన్ని ముక్కలు వేశారు?

కోనసీమ రైతు: కంద తెప్పించారా తల్లీ?